మేకులు ఎవరు కొట్టాలి?

నేను చేసే పని గురించి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ అడగక్కర్లేకుండా. హైదరాబాదులో కూర్చుని అమెరికా ఇన్సూరెన్సు క్లెయిములకు రూల్స్ రాస్తాను. ఏ ఆపరేషనుకు ముందస్తు అనుమతి కావాలి, ఏ హాస్పిటల్ నెట్‌వర్కులో ఉంది, ఏ బిల్లు ఏ కారణం మీద వెనక్కి పోవాలి, ఇవన్నీ కోడ్‌లో ఉంటాయి. ఆ కోడ్‌లో కొంత నాది. పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లలో. అందుకే ఈ విషయం మీద కోపం ఉంది, కొంచెం లోపలి సమాచారమూ ఉంది.

నా వాదన ఇది. అమెరికా వాళ్లు ‘మేనేజ్డ్ కేర్’ అని పిలిచే పద్ధతి మన దగ్గరికి 2007లోనే వచ్చింది. పేరు చెప్పి రాలేదు కాబట్టి ఎవరూ దాని మీద చర్చ పెట్టలేదు. వచ్చినప్పుడు దానిలో సగాన్నే తెచ్చుకున్నాం. తెచ్చుకున్న సగం గేటు. వదిలేసిన సగం, ఆ గేటు అవసరమే చాలామందికి రాకుండా చూసే బాధ్యత. ఆ రెండో సగం మన బొగ్గుబాయిల దగ్గర ఎంతో కొంత అప్పటికే ఉంది. ఇప్పుడు దాన్ని కూడా మొదటి సగంలోకి మార్చేస్తున్నాం, ఆ మార్పుకు అభివృద్ధి అని పేరు పెట్టి.

మేనేజ్డ్ కేర్ అంటే మరీ బ్రహ్మపదార్థమేం కాదు. ఎవరికి, ఎక్కడ, ఎంతలో వైద్యం జరగాలో పైసలు కట్టేవాడు ముందే ఒప్పందం చేసుకుని నడిపించడం. అయితే డాక్టరుకు పైసలు రెండు రకాలుగా కట్టొచ్చు. ఆపరేషనుకు ఇంత అని కట్టొచ్చు. లేదా మనిషికి ఇంత అని, జబ్బు వచ్చినా రాకపోయినా, కట్టొచ్చు. పైకి ఇది అకౌంట్స్ సెక్షన్ తేల్చుకోవాల్సిన సంగతిలా కనిపిస్తుంది. నిజానికి మొత్తం కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

1933లో సిడ్నీ గార్‌ఫీల్డ్ అనే కుర్ర సర్జన్ కాలిఫోర్నియా ఎడారిలో ఒక చిన్న హాస్పిటల్ పెట్టాడు. అక్కడ కొలరాడో నది నీళ్లను తరలించే కాలువ కోసం వేలమంది కూలీలు పనిచేస్తున్నారు. దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టి, ఇన్సూరెన్సు కంపెనీకి బిల్లు పంపేవాడు. ఆ బిల్లులు సరిగా రాక హాస్పిటల్ మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు లెక్క మార్చారు. ఒక్కో కూలీకి రోజుకు 5 సెంట్లు, ముందే. ఆ తర్వాత గార్‌ఫీల్డ్ పని చోటుకు వెళ్లి చెక్కల్లోంచి పొడుచుకొచ్చిన మేకులు కొట్టించడం మొదలుపెట్టాడని చెప్తారు. పాత లెక్కలో మేకు గుచ్చుకున్న కాలు ఆదాయం, కొత్త లెక్కలో అదే కాలు ఖర్చు. డాక్టరు అదే డాక్టరు, మేకులు అవే మేకులు. ఈ పద్ధతే తర్వాత హెన్రీ కైజర్ కంపెనీలకు పాకి, 1945లో మామూలు జనానికి కూడా తలుపు తెరిచి, కైజర్ పర్మనెంటే అనే పెద్ద సంస్థ అయింది. 1973లో నిక్సన్ సంతకం పెట్టిన హెచ్.ఎం.ఓ. చట్టానికి చూపించుకున్న నమూనా కూడా ఇదే.

అంటే మేనేజ్డ్ కేర్ పుట్టింది కూలీల దగ్గర, పని జరిగే చోట. ఇప్పుడు ఆ కథ పక్కన మన కథ పెట్టి చూడండి.

హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో వచ్చింది, 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అని పేరు మారింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. ఇవాళ 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. కొత్తగూడెంలో మెయిన్ హాస్పిటల్, గోదావరిఖనిలో ఏరియా హాస్పిటల్, కాలనీల్లో డిస్పెన్సరీలు. కార్మికుడూ అతని ఇంటివాళ్లూ ఎవరో, ఏ బాయిలో ఏ పని చేస్తారో కంపెనీకి తెలుసు. దవాఖాన నడిపేదీ కంపెనీయే, ఖర్చు పెట్టేదీ కంపెనీయే. మనిషి మంచాన పడితే మస్టర్ పోతుంది, బొగ్గు తగ్గుతుంది. కాబట్టి మేకు కొట్టాల్సిన అవసరం కూడా కంపెనీకే ఉంది. గార్‌ఫీల్డ్ లెక్క ఇక్కడ ఎవరూ నేర్పకుండానే అమల్లో ఉంది.

ఆ దవాఖానను నేను దేవాలయం చెయ్యడం లేదు. స్పెషలిస్టుల కొరత గురించి కార్మిక సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. మేకులన్నీ కంపెనీ కొట్టిందనీ అనడం లేదు. నేనంటున్నది నిర్మాణం గురించి. నడవకపోతే నిలదీయడానికి ఒక చిరునామా ఉన్న నిర్మాణం అది.

ఇక 2007. ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. దీని మంచి చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం. తెల్లకార్డు తప్ప ఇంకేం లేని ఇంట్లో గుండెకు ఆపరేషన్ జరగడం అంతకుముందు కలలో మాట. భూమి అమ్మకుండా బిడ్డను బతికించుకున్న తల్లుల ముందు నిలబడి ఈ పథకం దండగ అనే ధైర్యం నాకు లేదు, అలా అనేవాళ్ల మీద గౌరవమూ లేదు.

కానీ హాస్పిటళ్లకు ఇది ఏం నేర్పింది? ప్యాకేజీ కోడ్ ఎంచుకోవడం, ముందస్తు అనుమతి అడగడం, ఫోటోలూ రిపోర్టులూ పోర్టల్‌లో ఎక్కించడం, డిశ్చార్జి తర్వాత క్లెయిము వేయడం. రోగికి దారి చూపడానికి కౌంటర్లో ఆరోగ్యమిత్ర. నేను రోజూ రాసే రూల్స్ కూడా అచ్చం ఇవే. అందుకే గుర్తుపట్టడం తేలికైంది. ఇది వైద్యం మారడం కాదు, బిల్లింగ్ మారడం. లెక్క ఆపరేషనుకు ఇంత అనే చోటే ఉంది. ఆ లెక్కలో మేకు గుచ్చుకుంటేనే పైసలు.

దాని ఫలితమూ చూశాం. బీద ఆడవాళ్లకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న గొడవ ఉమ్మడి రాష్ట్రంలో ఎంత పెద్దదైందంటే, ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు హాస్పిటళ్ల జాబితాలోంచి తీసి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. డాక్టర్లందరూ చెడ్డవాళ్లని కాదు. దేనికి పైసలు కడితే అది పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మాకు బాగా తెలిసిన సత్యం ఇది: బగ్గులు దొరికినందుకు బోనస్ ఇస్తే బగ్గులకు కొదవ ఉండదు.

తర్వాత జరిగిందంతా గేటును వెడల్పు చేయడమే. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, 2021లో తెలంగాణ అందులో చేరింది, 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలైంది. 2025లో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ హాస్పిటళ్లు సేవలు ఆపేశాయి. ఇక్కడొక్క క్షణం ఆగాలి. ప్రభుత్వ దవాఖానలో మందులు లేకపోవచ్చు, మంచాలు చాలకపోవచ్చు, కానీ రేపట్నుంచి రోగుల్ని తీసుకోమని అది బోర్డు పెట్టదు. ఒప్పందం మీద వచ్చిన హాస్పిటల్ పెట్టగలదు. దాని వైపు నుంచి చూస్తే తప్పు కూడా కాదు, పైసలు రాకపోతే జీతాలెట్లా ఇస్తారు? పరిమితి పది లక్షలని కార్డు మీద ఉంటుంది. ఆ కార్డు తీసుకోనన్న రోజున పదీ సున్నా ఒకటే.

ఇప్పుడు ఖని సంగతి. సీరియస్ కేసంటే రిఫరల్ లెటర్. గోదావరిఖని నుంచి హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైమాటే. అక్కడ జాబితాలో ఉన్న కార్పొరేట్ హాస్పిటల్, అక్కడ ప్యాకేజీ రేటు, అక్కడి ఫైలు. కొన్ని జబ్బులకు ఇది తప్పదు, ప్రతి పట్టణంలో కిడ్నీ మార్పిడి జరగదు. కానీ రిఫరల్ పెరిగేకొద్దీ కంపెనీ దవాఖాన వైద్యం చేసే చోటు నుంచి ఉత్తరం రాసిచ్చే చోటుగా మారుతుంది. స్పెషలిస్టు ఎందుకు లేడంటే కేసులు లేవంటారు. కేసులు ఎందుకు లేవంటే అన్నీ హైదరాబాదు పోతున్నాయంటారు. ఎందుకు పోతున్నాయంటే స్పెషలిస్టు లేడు. మేం దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటాం. ఖనిలో దీన్ని ‘మనోళ్ల కర్మ’ అంటారు.

మనిషికి ఇంత అనే లెక్క నుంచి ఆపరేషనుకు ఇంత అనే లెక్కకు ఇట్లా సప్పుడు లేకుండా జారిపోతున్నాం. దీనిలో మొదట దెబ్బతినేది దుమ్ము జబ్బు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. దానికి అడ్మిషన్ తేదీ ఉండదు. అందుకే గని నిబంధనల్లో అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే పెట్టారు. ఒకే మనిషి ఊపిరితిత్తుల్ని ఇరవై ఏళ్లపాటు పక్కపక్కన పెట్టి చూడగలిగితేనే ఆ పరీక్షకు అర్థం. ప్యాకేజీకి అంత జ్ఞాపకం ఉండదు. అది మనిషి పడిపోయిన రోజు మొదలై, ఇంటికి పోయాక కొద్దిరోజులకు అయిపోతుంది.

రెండో దెబ్బ కాంట్రాక్టు కార్మికుడికి. 90ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంటు కార్మికులు. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పనంతా, ఓబీ అంటాం కదా, ఎక్కువగా కాంట్రాక్టర్లదే. దుమ్ము ఒకటే, దానికి మస్టర్ రోల్ చూసే అలవాటు లేదు. చూసేది వైద్యం. ఒకే క్వారీలో పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరిది కంపెనీ కార్డు, ఇంకొకరిది రేషన్ కార్డు మీద దొరికే ఆరోగ్యశ్రీ. కూలీ ఒక కాంట్రాక్టర్ దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారితే అతని ఎక్స్‌రే అతనితో పోతుందా?

‘నువ్వు మాత్రం కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డుతో కార్పొరేట్ హాస్పిటల్‌కు పోతావు, ఖనివాళ్లను మాత్రం సర్కారు దవాఖానలో ఉండమంటావా’ అని అడుగుతారు. పోతాను. ముప్పై అయిదేళ్ల మనిషికి ఏసీ గదిలో కుర్చీ నుంచి వచ్చే జబ్బులకు ఆ కార్డు సరిపోతుంది. బొగ్గుబాయి జబ్బు వేరు, దానికి ఊరిలోనే కనిపెట్టి చూసే వైద్యం కావాలి. ఇంకొందరు, మనిషికి ఇంత అంటే డాక్టర్లు వైద్యం ఎగ్గొడతారు కదా అంటారు. ఇది గట్టి ప్రశ్న. 90ల్లో అమెరికాలో జరిగింది కూడా. కాన్పయిన తల్లుల్ని ఒక్కరోజులో ఇంటికి పంపిస్తుంటే 1996లో దాని మీద చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి లెక్క మార్చితే చాలదు, లెక్క చూసేవాళ్లలో జబ్బుపడేవాళ్లూ ఉండాలి.

దానికీ ఉదాహరణ బొగ్గుగనుల్లోనే ఉంది. 1946లో అమెరికా గని కార్మికుల సంఘం సమ్మె చేసి, ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, టన్నుకు 5 సెంట్ల చొప్పున సంక్షేమ నిధి సాధించింది. ఆ నిధి 50ల్లో మూడు రాష్ట్రాల్లో పది హాస్పిటళ్లు కట్టింది. అనవసరంగా కత్తిపెట్టే డాక్టర్లను జాబితాలోంచి తీసేసింది, డాక్టర్ల సంఘాలు ఎంత గొడవ చేసినా. అంటే అక్కడ గేటు దగ్గర నిలబడింది కార్మికుల మనిషి. 60ల్లో బొగ్గు తగ్గి నిధి తగ్గడంతో ఆ హాస్పిటళ్లు చేజారాయి. ఆ రెండో పాఠం కూడా మనకు పనికొస్తుంది: వైద్యాన్ని పర్మనెంటు కార్మికుల సంఖ్యకు కట్టేస్తే, సంఖ్య తగ్గినకొద్దీ వైద్యమూ తగ్గుతుంది.

మరి ఏం చెయ్యాలి? ఆసుపత్రుల్ని కొత్త పద్ధతికి మార్చే ప్రోగ్రాం అంటూ ఒకటి పెడితే, పోర్టల్ ట్రైనింగుతో కాకుండా మూడు పనులతో మొదలుపెట్టాలి. ఒకటి, బడ్జెట్ మనుషుల్ని బట్టి: రామగుండం ప్రాంతంలో బొగ్గు దుమ్ము పీల్చే ప్రతి ఒక్కరికీ, కార్డు ఏదైనా. రెండు, రిఫరల్ మీద పోయిన ప్రతి ఫైలూ తిరిగి గోదావరిఖనికి రావాలి. రాకపోతే బిల్లు పాస్ కాకూడదు. ఈ రూల్ రాయడానికి నాకు ఒక పూట చాలు. మూడు, అనుమతి నిరాకరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి, దాన్ని ప్రశ్నించే బోర్డులో సంఘాల మనుషులు ఉండాలి, కాంట్రాక్టు సంఘాలతో సహా. 2022 నుంచి రామగుండంలో మెడికల్ కాలేజీ నడుస్తోంది, సింగరేణి సొమ్ముతో. దుమ్ము జబ్బును చదవడానికి దేశంలో ఇంతకంటే మంచి చోటు ఎన్ని ఉంటాయి? 2023 డిసెంబరులో గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ మాట బాగా వినిపించింది. బిల్డింగ్ అడగడం సులువు, శంకుస్థాపన ఫోటో కూడా వస్తుంది. లెక్క మార్చమని అడిగితే ఫోటో రాదు.

సాహిత్య పత్రికలో ఈ ప్యాకేజీల గోల ఎందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. బొగ్గుబాయి గురించి మనం చదివినదాంట్లో చీకటి ఉంది, సమ్మె ఉంది, చావు ఉంది. కౌంటరు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ మనిషి నాకు చాలా అరుదుగా కనిపించాడు. అతను కనిపించకపోవడం వల్లే అతనికి పెట్టిన పేరును మనం పట్టించుకోలేదు. సింగరేణి దవాఖానలో అతను కార్మికుడు. నా సాఫ్ట్‌వేర్లో అతను మెంబర్. ఆరోగ్యశ్రీ ఫారంలో లబ్ధిదారు. లబ్ధిదారు అంటే ఎవరో ఇస్తే పుచ్చుకునేవాడు. పుచ్చుకునేవాడు లెక్క అడగడు. కార్మికుడు అడుగుతాడు, ఎందుకంటే ఆ పైసలు తను తీసిన బొగ్గులోవి. ముందు ఆ మాటను మన రాతల్లోంచి తీసేద్దాం. ఫారంలోంచి తీయించే పని ఆ తర్వాతిది.