484వ స్థానం: కోల్‌కతా భయపడిన మార్పు, సోకిన వైరస్

పశ్చిమ బెంగాల్ శాసనసభ ఎన్నికలు ఎనిమిది విడతల్లో సాగుతూ సభలకు జనం పోటెత్తిన 2021 ఏప్రిల్‌లో, బి.1.618 అనే కరోనా రకం వార్తల్లోకెక్కి 'బెంగాల్ రకం'గా పేరుపడింది. వైరస్ మన కణంలోకి చొరబడటానికి వాడుకునే స్పైక్ ప్రోటీన్‌లో 484వ స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు లైసిన్ చేరడం దాని గుర్తుల్లో ఒకటి. ఇదే మార్పు ఉన్న దక్షిణాఫ్రికా, బ్రెజిల్ రకాలను కొన్ని యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షక ప్రోటీన్లు, సరిగా పట్టుకోలేవని అప్పటికే తేలడంతో, టీకా వృథా అవుతుందేమోనన్న భయం పాకింది.

జరిగింది వేరు. ఆ మార్పు లేని డెల్టా రకం, ఒకరి నుంచి ఒకరికి అతివేగంగా సోకే గుణంతో, కొద్ది వారాల్లోనే బెంగాల్ రకాన్ని పక్కకు నెట్టింది. ఒకటో రెండో డోసులు వేసుకున్నా కొవిడ్ సోకిన 677 మందిని భారత వైద్య పరిశోధన మండలి పరిశీలించగా, 86 శాతానికి పైగా కేసులకు డెల్టాయే కారణమని తేలింది. అయితే ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు 9.8 శాతం, మరణించినవారు 0.4 శాతం మాత్రమే.

ఆ ఏడాది దుర్గాపూజ తర్వాత కోల్‌కతాలో కేసులు పెరిగి, బాధితుల్లో రెండు డోసులూ పూర్తయినవారు ఎక్కువగా కనిపించినప్పుడు టీకాపై అనుమానం మళ్లీ తలెత్తింది. ఇందులో సగం లెక్కల మాయ. వెయ్యి మందిలో 900 మంది టీకా వేసుకున్నారనుకుంటే, వారిలో పదింట ఒకరికి, మిగిలిన వందలో 40 మందికి జబ్బు సోకినా, రోగుల్లో టీకా పడ్డవారు 90, పడనివారు 40 అవుతారు. రక్షణ నాలుగు రెట్లున్నా వార్డులో దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. మిగతా సగం శరీరధర్మం. భుజానికి వేసే టీకా రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచుతుంది గానీ, వైరస్ తొలి మజిలీ అయిన ముక్కు లోపలి పొరలో వాటి కాపలా పలచనే. నెలలు గడిచేకొద్దీ రక్తంలోనూ వాటి మోతాదు తగ్గుతుంది. అయితే వైరస్ తునకలను అనేక చోట్ల గుర్తుపట్టే టి కణాలకు, అంటే మరో రకం రక్షక కణాలకు, ఒకటి రెండు మార్పులు పెద్ద అడ్డంకి కావు కనుక, సోకడం ఆగకపోయినా జబ్బు ముదరడం చాలావరకు ఆగుతుంది.

స్పైక్‌లోనే 30కి పైగా మార్పులతో, 484వ స్థానంలో ఈసారి అలనైన్‌తో వచ్చిన ఒమిక్రాన్, 2022 జనవరి తొలి రోజుల్లో నగరంలోని ఆసుపత్రుల్లో వైద్యులను, సిబ్బందిని గుంపులుగా మంచం పట్టించింది. 2021 జనవరి 16న దేశంలో అందరికంటే ముందు టీకా అందుకున్నది ఆరోగ్య సిబ్బందే, కాబట్టి వారిలో చాలామందికి తొలి రక్షణ సన్నగిల్లే వేళా అదే. ముందుజాగ్రత్త డోసు, అంటే మూడో డోసు, మొదలైన జనవరి 10 నాటికి కెరటం కోల్‌కతాను ముంచెత్తనే ముంచెత్తింది; ఆ సీసాల్లో ఉన్నది మాత్రం 2020 ఆరంభం నాటి వైరస్ రూపాన్ని చూసి చేసిన టీకాయే.