కంబం గట్టిగా ఉంటే చాలదు

సండూరు, తోరణగల్లు వైపు నుంచి వచ్చే లారీ కూడలిలో ఎడమకు తిరిగితే, ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు. లోపలికి జరిగి ఫుట్‌పాత్ అంచును ఒరుసుకుంటూ పోతాయి. బళ్లారిలో ఏ డ్రైవరును అడిగినా ఈ మాటే చెబుతాడు. సిగ్నల్ కంబాన్ని సరిగ్గా ఆ మూలనే పాతితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

2018లో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం మూడు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఆ బరువు తగిలితే మామూలు ఇనుప గొట్టం వంగక ఏం చేస్తుంది? పోనీ, కదలకుండా కాంక్రీటు దిమ్మె కట్టేద్దామా అంటే, రాత్రి దాన్ని గుద్దిన బైకువాడి ప్రాణం పోతుంది.

యూరప్‌లో గుద్దితే విరిగి పక్కకు పోయే కంబాలున్నాయి. వాటికి ఈఎన్ 12767 అనే ప్రమాణం కూడా ఉంది. అవి జనం తిరగని, బండ్లు వేగంగా పోయే రోడ్లకు సరే. మన కూడలిలో తోపుడుబండ్లు, బస్సు కోసం నిలబడ్డ జనం. విరిగిన కంబం పడేది వాళ్ల మీదే.

కాబట్టి కంబాన్ని మూల నుంచి వెనక్కి జరపాలి. పైన అడ్డచేయి బిగించి దీపాలను రోడ్డు మీదికి తేవాలి. కంట్రోలర్ పెట్టె ఇంకా దూరంగా ఉండాలి, అది పగిలితే నాలుగు దిక్కులా సిగ్నల్ లేనట్టే. పునాదిలో ముందే గొట్టం దించి అందులో కంబం నిలిపితే, వంగినదాన్ని పీకి కొత్తది దించడానికి రోడ్డు తవ్వే పని ఉండదు.

ఖర్చంటారా? లారీ థర్డ్ పార్టీ బీమా ఆస్తి నష్టానికీ వర్తిస్తుంది. నంబరు పట్టుకుని, కేసు పెట్టి, పరిహారం అడగాల్సింది మహానగర పాలికెనే.