చదువు రాయ్‌పూర్‌లో, కొలువు హైదరాబాద్‌లో: మెడికల్ కోడింగ్ శిక్షణకు అసలు పరీక్ష

రాయ్‌పూర్: జీవశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ వంటి కోర్సులు పూర్తిచేసి ఉద్యోగం కోసం నిరీక్షిస్తున్న యువతకు మెడికల్ కోడింగ్ ఒక ఆశాకిరణంగా కనిపిస్తోంది. హైదరాబాద్, చెన్నై నగరాలలో వేళ్లూనుకున్న ఈ వృత్తి ఛత్తీస్‌గఢ్ రాజధాని వంటి నగరాల పట్టభద్రులను సైతం ఆకర్షిస్తోంది. కొద్ది నెలల శిక్షణ, ఒక అమెరికన్ సర్టిఫికెట్, ఆపై కంపెనీలో ఉద్యోగం అన్న వరుస వినడానికి సులువుగానే ఉంది. అయితే ఈ మూడింటిలో మొదటి రెండు మాత్రమే అభ్యర్థి చేతిలో ఉన్నాయి. మూడవది ఎక్కడో దూరాన జరిగే నిర్ణయాలపై ఆధారపడి ఉంది. శిక్షణ కోసం అప్పు చేయడానికి సిద్ధపడుతున్న కుటుంబాలు ముందుగా గుర్తించవలసిన విషయం ఇదే.

ప్రతి చికిత్సకూ ఒక సంకేతం

అమెరికాలో ఆసుపత్రులకు సొమ్ము చెల్లించేది అధిక భాగం బీమా సంస్థలు, మెడికేర్ వంటి ప్రభుత్వ పథకాలే. వైద్యుడు రాసిన రికార్డును చదివి, రోగమేమిటో, అందించిన చికిత్స ఏమిటో నిర్ణీత సంకేతాలలో తెలియజేస్తేనే బిల్లు మంజూరవుతుంది. ఈ పని చేసేవారే కోడర్లు. రోగ నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ, అంటే ఐసీడీ ఆధారంగా అమెరికా రూపొందించుకున్న సంకేతాలను వాడతారు. వైద్యుల సేవలకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తొలిసారి ప్రచురించిన సీపీటీ సంకేతాలను వాడతారు.

మధుమేహం మాత్రమే ఉన్న రోగికి ఒక సంకేతం, అదే వ్యాధి వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి మరొక సంకేతం ఉంటాయి. ఈ తేడా వల్ల చెల్లింపు మారే అవకాశముంది. తెలిసి తెలిసి ప్రభుత్వ పథకాలకు తప్పుడు బిల్లులు సమర్పించినట్లు రుజువైతే, 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నష్టానికి మూడింతలు రాబట్టే వీలుంది. కోడర్ల అర్హతను ధ్రువీకరించే పరీక్షలకు అంత ప్రాధాన్యం ఏర్పడడానికి కారణం ఇదే.

నెగ్గినా అప్రెంటిస్ హోదాయే

ఇటువంటి పరీక్షలలో మన దేశంలో అధిక ప్రచారం పొందినది సీపీసీ. 1988లో ఏర్పడిన ఏఏపీసీ అనే అమెరికన్ సంస్థ దీనిని నిర్వహిస్తోంది. నాలుగు గంటలలో 100 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఉత్తీర్ణతకు 70 శాతం మార్కులు అవసరం. సంకేతాల పుస్తకాలను వెంట ఉంచుకోవడానికి అనుమతి ఉన్నప్పటికీ, ఒక్కో ప్రశ్నకు సగటున రెండు నిమిషాల 24 సెకన్లు మాత్రమే లభిస్తాయి. పుస్తకంలో ఏది ఎక్కడ ఉన్నదో ముందే అలవాటు లేని అభ్యర్థికి ఆ అనుమతి వల్ల ఒరిగేది స్వల్పం.

పరీక్ష నెగ్గినవారికి పని అనుభవం లేకపోతే సర్టిఫికెట్ పేరు పక్కన ‘ఎ’ అనే అక్షరం చేరుతుంది. అప్రెంటిస్ అని దాని అర్థం. రెండేళ్ల ఉద్యోగానుభవాన్ని, లేదా 80 గంటల శిక్షణతోపాటు ఏడాది అనుభవాన్ని రుజువు చేసుకోవడం ఆ అక్షరం తొలగించుకోవడానికి సాధారణ మార్గం. అంటే ఉద్యోగం కోసం సర్టిఫికెట్, పూర్తిస్థాయి సర్టిఫికెట్ కోసం ఉద్యోగం అవసరమవుతున్నాయన్నమాట. పైగా సర్టిఫికెట్‌ను నిలబెట్టుకోవాలంటే సభ్యత్వ రుసుమును చెల్లిస్తూ, ప్రతి రెండేళ్లకు 36 నిరంతర విద్యా పాయింట్లు సంపాదించాలి. పరీక్ష ఫీజు, సభ్యత్వ రుసుము డాలర్లలోనే నిర్ణయమవుతున్నందున రూపాయి విలువ తగ్గినప్పుడల్లా ఆ భారం అభ్యర్థిపైనే పడుతుంది.

మరువరాని పాత పాఠం

తెలుగు పాఠకులకు ఇటువంటి అనుభవం కొత్త కాదు. 1990వ దశకం చివర మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పేరిట హైదరాబాద్‌లో శిక్షణ కేంద్రాలు వీధివీధినా వెలిశాయి. అమెరికన్ వైద్యులు చెప్పిన మాటలను విని టైపు చేయడమే ఆనాటి పని. తర్వాతి కాలంలో మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ మెరుగుపడింది. ఎలక్ట్రానిక్ రికార్డులకు అమెరికా ప్రభుత్వం 2009 నాటి చట్టం ద్వారా ప్రోత్సాహకాలు ప్రకటించింది. ఫలితంగా ఆ వృత్తి క్రమేపీ కుంచించుకుపోయింది. ఫీజులు కట్టి నేర్చుకున్నవారిలో అనేకులు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

కోడింగ్‌కు గిరాకీ పెరిగినదీ ఒక ప్రభుత్వ ఉత్తర్వు వల్లనే. 2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ పదవ కూర్పునకు మారింది. అప్పటివరకు సుమారు 14 వేలుగా ఉన్న రోగ నిర్ధారణ సంకేతాలు ఒక్కసారిగా 70 వేలకు చేరువయ్యాయి. చేతులు ఎక్కువ కావలసి వచ్చింది. కాగా, 2021 జనవరి నుంచి ఔట్ పేషెంట్ సందర్శనలకు సంకేతం కేటాయించే నిబంధనలను గణనీయంగా సరళం చేశారు. సాధారణ రికార్డులను కంప్యూటరే చదివి సంకేతాలు సూచించే సాఫ్ట్‌వేర్‌లు సైతం రంగప్రవేశం చేశాయి. వృత్తి అంతరించిపోతుందని దీని అర్థం కాదు. అయితే కొత్తవారికి మొదట అప్పగించే సులభమైన పనులే ముందుగా యంత్రం పాలయ్యే ప్రమాదమున్నదని గమనించాలి.

హక్కు ఉన్నది, అవకాశమేదీ?

నైపుణ్య శిక్షణను యువత హక్కుగా గుర్తిస్తూ దేశంలోనే మొదటిసారి 2013లో చట్టం చేసిన ఘనత ఛత్తీస్‌గఢ్‌కు దక్కింది. దరఖాస్తు చేసిన 90 రోజులలోగా శిక్షణ కల్పించాలని ఆ చట్టం నిర్దేశిస్తోంది. కానీ శిక్షణ పొందే హక్కు వేరు, ఉద్యోగం పొందే అవకాశం వేరు. నవ రాయ్‌పూర్‌కు ఐటీ సంస్థలను రప్పించేందుకు ప్రభుత్వం ప్రయత్నిస్తున్నా, కోడింగ్ కొలువుల కోసం ఇక్కడి పట్టభద్రులు నేటికీ ప్రధానంగా దక్షిణాది నగరాల వైపే చూడవలసి వస్తోంది.

రైల్వే, భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగాల కోసం అనేక తెలుగు కుటుంబాలు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సంగతి విదితమే. తాతలు పొట్ట చేతపట్టుకుని ఉత్తరానికి వస్తే, మనుమలు అదే పొట్ట కోసం దక్షిణానికి మరలుతున్నారు. హైదరాబాద్‌లో గది అద్దె, భోజనం ఖర్చు పోగా కొత్త కోడర్ జీతంలో ఇంటికి పంపగలిగేది ఎంత అన్న లెక్కను శిక్షణ ఫీజుతో కలిపి చూడాలి.

ఇంటి అవసరం కూడా ఉంది

సంకేతాల అవసరం అమెరికాకు మాత్రమే పరిమితం కాదు. మన దేశంలోనూ మరణ కారణాల వర్గీకరణకు ఐసీడీనే అనుసరిస్తున్నారు. 2018 సెప్టెంబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు భరోసా ఇస్తోంది. ఆ పథకం కింద ప్రతి చికిత్సా ప్యాకేజీకి తనదైన సంకేతం ఉంది. రికార్డు సరిగా లేకపోతే క్లెయిము నిలిచిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ గిరిజనులను పీడిస్తున్న సికిల్ సెల్ వ్యాధి మరొక ఉదాహరణ. ఐసీడీ పదవ కూర్పులో డి 57.1 అంటే తీవ్ర సంక్షోభం లేని వ్యాధి, డి 57.3 అంటే వ్యాధి లక్షణాన్ని మోస్తున్న వాహకుడు. మొదటివారికి చికిత్స కావాలి. రెండవవారికి వివాహానికి ముందు సలహా కావాలి. చివరి అంకె ఒకటి తప్పితే మనిషి జాబితాయే మారిపోతుంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలై 1న కేంద్రం జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలన్న ఆ కార్యక్రమానికి సక్రమమైన రికార్డులు రాయగల సిబ్బంది ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

రాయ్‌పూర్‌లో 2012 నుంచి పనిచేస్తున్న ఎయిమ్స్, అంబేద్కర్ స్మారక ఆసుపత్రి వంటి పెద్ద వైద్య కేంద్రాలు ఉన్నాయి. శిక్షణలో భాగంగా అభ్యర్థులకు ఇటువంటి ఆసుపత్రుల రికార్డు విభాగాలలో కొంతకాలం పని కల్పించగలిగితే ఉభయతారకంగా ఉంటుంది. ఆసుపత్రులకు చేయూత లభిస్తుంది, అభ్యర్థి కేవలం డాలర్ బిల్లులపైనే ఆధారపడే దుస్థితి తప్పుతుంది.

అంతవరకు ఫీజు కట్టే కుటుంబాలు శిక్షణ కేంద్రాన్ని అడగవలసిన ప్రశ్న ఒక్కటే. గత సంవత్సరం చేరినవారిలో ఎందరు ఉత్తీర్ణులయ్యారన్నది కాదు, వారిలో ఎందరు ఏడాదిలోగా కోడర్లుగా ఉద్యోగంలో చేరారన్నది. నైపుణ్య శిక్షణకు నిధులు వెచ్చించే ప్రభుత్వం సైతం ఇదే కొలబద్దను పాటించడం సమంజసం. సర్టిఫికెట్ల సంఖ్య ప్రకటనలకు పనికివస్తుంది. ఇల్లు గడిచేది మాత్రం జీతంతోనే.