సాక్కడ సినిమాలు

మురికికాలవను మా వాడిపట్టి ఇంట్లో సాక్కడ అనే అంటాం. సెలవుల్లో ‘అలిగేటర్’ (1980) చూస్తుంటే అవ్వ, "ఈ సాక్కడ సినిమాలేందే?" అని విసుక్కుంది. మొసలి బొమ్మేనని తెలిసిపోతుంది, నిజమే. అయినా నాకిష్టం. ఎవరో టాయిలెట్లో పారేసిన మొసలిపిల్ల, మందుల కంపెనీ ప్రయోగాలు చేసి పడేసిన జంతువుల కళేబరాలు తిని, పెరిగి పైకొస్తుంది. ‘సి.హెచ్.యు.డి.’ (1984)లోనైతే న్యూయార్క్ నేల కింద తలదాచుకున్న ఇల్లులేనివాళ్లే, అక్కడ దాచిన అణువ్యర్థాల వల్ల భూతాలవుతారు. ఈ భూతాలు ఆకాశం నుంచి ఊడిపడవు, మనం పారేసినవే.

సగం చూశాక అవ్వ అడిగింది: "ఆ సాక్కడలోకి దిగినోడు ఎవురే?"

పారిశుధ్య కార్మికుడు. మొదట్లోనే చచ్చిపోతాడు, నాకు పేరు గుర్తులేదు. ఈ సినిమాల మీద నా కోపం అక్కడే. మనుషుల్ని అలా దించకూడదని మనకు 2013లోనే చట్టం వచ్చింది. ఇంకా దిగుతున్నారు, విషవాయువుకు చస్తున్నారు. దివ్యభారతి తీసిన ‘కక్కూస్’ (2017) వాళ్ల గురించే. మేడమ్, ఈసారి డిపార్ట్‌మెంట్‌లో సినిమా వేస్తే ‘అలిగేటర్’, ‘కక్కూస్’ రెండూ ఒకేరోజు వేయండి.