పది ఫండ్లున్నా ఆధారం ఒక్కటేనా?

పుదుచ్చేరి: నెల జీతం మీదా, పింఛను మీదా నడిచే కుటుంబాలకు పుదుచ్చేరి పట్టణంలో కొదవ లేదు. ప్రభుత్వ సచివాలయం, జిప్మర్, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల ఉద్యోగులకు తోడు, ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను అందుకుంటున్నవారూ ఇక్కడ ఉన్నారు. పదవీ విరమణ సొమ్ము చేతికందిన రోజున ఇటువంటి ఇళ్లలో తలెత్తే ప్రశ్న దేశమంతటా వినిపిస్తున్నదే. ఉన్న పొదుపును ఎన్ని మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలి?

ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరగడానికి కారణం ఉంది. 2014 మే నెలలో 10 లక్షల కోట్ల రూపాయలకు చేరిన మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ ఆస్తులు 2023 డిసెంబరు నాటికి 50 లక్షల కోట్లు దాటాయి. బ్యాంకు డిపాజిట్లకే అలవాటుపడిన మధ్యతరగతి ఈ పదేళ్లలో పెద్దఎత్తున ఫండ్లవైపు మళ్లింది. ఒకటి బ్యాంకు సిబ్బంది సూచన మేరకు, ఇంకొకటి పన్ను మినహాయింపు కోసం, వేరొకటి గత ఏడాది బాగా పెరిగిందని కొనడంతో, కొన్నేళ్లకే ఖాతాలో పది, పదిహేను పథకాలు పోగుపడుతున్నాయి. ఇన్ని ఉన్నాయి కాబట్టి నష్టభయం తగ్గిందన్న నమ్మకం ఎంతవరకు నిజమన్నదే పరిశీలించాల్సిన అంశం.

వ్యాపారాలు అనేకం, వాటా ఒక్కటి

ఈ పట్టణ చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. పుదుచ్చేరిని పాలించిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని 1719లో జాన్ లా అనే ఆర్థికవేత్త తన మిసిసిపీ కంపెనీలో విలీనం చేశాడు. అమెరికాలోని లూసియానా భూములు, పొగాకు, తూర్పు దేశాల వర్తకం, నాణేల ముద్రణ, పన్నుల వసూలు అన్నీ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. ఇన్ని వ్యాపారాలున్న కంపెనీకి ముప్పు ఉండదని జనం భావించారు. 500 లివ్ర్‌ల ముఖవిలువ గల వాటా దాదాపు 10,000 లివ్ర్‌లకు ఎగబాకింది. అయితే ఆ ధర జాన్ లా బ్యాంకు అచ్చువేసిన కాగితపు డబ్బుపై ఆధారపడి నిలిచింది. 1720లో ఆ డబ్బు మీద విశ్వాసం సడలగానే వాటా ధర కుప్పకూలింది. వ్యాపారాల సంఖ్య మదుపరులను కాపాడలేకపోయింది.

ఆ వందలోనే అందరూ

నేటి ఫండ్ల విషయంలోనూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017 అక్టోబరులో పథకాలను వర్గీకరించింది. మార్కెట్ విలువ ప్రకారం తొలి 100 కంపెనీలు లార్జ్‌క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్‌క్యాప్, ఆ తర్వాతివి స్మాల్‌క్యాప్. లార్జ్‌క్యాప్ ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతాన్ని ఆ మొదటి వందలోనే పెట్టాలి. అందువల్ల నాలుగు వేర్వేరు సంస్థల లార్జ్‌క్యాప్ ఫండ్లు కొన్న వ్యక్తి నాలుగుసార్లు కొన్నది చాలావరకు అవే కంపెనీలను. పైగా ఒక ఈక్విటీ ఫండ్‌లోనే సాధారణంగా కొన్ని పదుల కంపెనీల వాటాలు ఉంటాయి. వికేంద్రీకరణ అనే పని మొదటి ఫండ్‌తోనే చాలావరకు పూర్తవుతుంది.

అదే ఉత్తర్వులో సెబీ, ఇండెక్స్, థీమాటిక్ వంటి కొన్నింటిని మినహాయించి, ఒక్కో ఫండ్ సంస్థకు ఒక్కో వర్గంలో ఒక్క పథకమే ఉండాలని నిర్దేశించింది. ఒకే తరహా పథకాలు ఎక్కువైతే మదుపరి తికమకపడతాడని నియంత్రణ సంస్థే గుర్తించింది. కాగా, దేశంలో 40కి పైగా ఫండ్ సంస్థలు ఉన్నందున ఆ వడపోతను మదుపరి తన స్థాయిలో తానే చేసుకోవాల్సి వస్తోంది.

ఆరు పథకాలు ఒకే రోజున

పేర్లు వేరైనా ముప్పు ఒకటే కావచ్చనడానికి 2020 ఏప్రిల్ 23 నాటి పరిణామమే నిదర్శనం. ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఆ రోజు ఆరు డెట్ పథకాలను ఒకేసారి మూసివేసింది. సుమారు 25 వేల కోట్ల రూపాయలు నిలిచిపోయాయి. ఆ ఆరింటిలో స్వల్పకాలిక పథకమూ ఉంది, క్రెడిట్ రిస్క్ పథకమూ ఉంది. వర్గాలు వేరైనా, ఎక్కువ వడ్డీ ఆశతో తక్కువ రేటింగ్ బాండ్లు కొనే పద్ధతి వాటన్నింటిలోనూ కనిపించింది. కరోనా భయంతో ఆ బాండ్లకు కొనుగోలుదారులు కరవయ్యారు. ఆరింటిలో మూడు కొన్నవారికీ, ఒకటే కొన్నవారికీ తేడా లేకపోయింది. తర్వాత సుప్రీంకోర్టు ఆదేశాలతో ఎస్‌బీఐ ఫండ్స్ ద్వారా సొమ్ము విడతలవారీగా తిరిగి వచ్చినా, నెలవారీ ఖర్చులకు దానిపైనే ఆధారపడినవారు ఎదురుచూడక తప్పలేదు.

ఈ ఉదంతం మరో వాస్తవాన్నీ చెబుతోంది. సంఖ్యను మరీ కుదించి మొత్తం పొదుపును ఒకే సంస్థ చేతిలో పెట్టడమూ శ్రేయస్కరం కాదు. 2001 జులైలో యూటీఐ తన యూఎస్-64 పథకంలో యూనిట్ల తిరిగి కొనుగోలును నిలిపివేసినప్పుడు ప్రభుత్వ అండ ఉందన్న భరోసాతో దాచుకున్న లక్షలాది కుటుంబాలు ఈ సంగతి గ్రహించాయి.

మరి ఎన్ని?

ముందుగా అవసరాలను లెక్కించి, ఆ తర్వాతే ఫండ్లను ఎంచుకోవడం హేతుబద్ధమైన మార్గం. అత్యవసరాలకు ఒక లిక్విడ్ ఫండ్ లేదా బ్యాంకు డిపాజిట్, మూడు నుంచి ఐదేళ్లలో కావలసిన సొమ్ముకు నాణ్యమైన బాండ్లున్న డెట్ ఫండ్, దీర్ఘకాలానికి ఒక ఇండెక్స్ లేదా ఫ్లెక్సీక్యాప్ ఫండ్, ఒడుదొడుకులను తట్టుకోగలిగితే ఒక మిడ్‌క్యాప్ ఫండ్. సగటు కుటుంబానికి మూడు నుంచి ఐదు పథకాలు సరిపోతాయి. సొమ్ము పెద్దదైతే అదే పనికి వేరే సంస్థకు చెందిన రెండో ఫండ్‌ను చేర్చడంలో అర్థం ఉంది. అంతకుమించి చేర్చే ప్రతి ఫండ్‌కూ స్పష్టమైన కారణం ఉండాలి.

ఎక్కువైతే వచ్చే నష్టం లెక్కకు అందేదే. 10 లక్షల రూపాయలను పది ఈక్విటీ ఫండ్లలో సమానంగా పెడితే, వాటిలో ఒకటి మిగతావాటికంటే 10 శాతం అదనంగా రాబట్టినా మొత్తానికి చేరేది 10 వేలు, అంటే ఒక్క శాతమే. ఫండ్లు పెరిగేకొద్దీ సగటు రాబడి సూచీకి చేరువవుతుంది, రుసుము మాత్రం చురుకైన నిర్వహణకు చెల్లించాల్సి వస్తుంది. ఏటా ఒక శాతం అదనపు రుసుమంటే 10 లక్షలపై 10 వేల రూపాయలు. పైన చెప్పిన ఫండ్ సంపాదించిన అదనపు లాభం అక్కడికే సరిపోతుంది.

తొందరపాటుతో తగ్గించరాదు

ఈ లెక్క చూసి అన్నింటినీ ఒకేసారి అమ్మివేయడమూ సరికాదు. ఒక ఫండ్ నుంచి మరోదానికి మారడాన్నీ చట్టం అమ్మకంగానే పరిగణిస్తుంది. 2024 జులై 23 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన పెట్టుబడిపై, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల రూపాయలకు మించిన లాభానికి 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం పన్ను పడుతుంది. పన్ను ఆదా పథకాలకు మూడేళ్ల గడువు ఉంటుంది. కొన్ని పథకాలకు నిష్క్రమణ రుసుమూ ఉంటుంది. అందువల్ల అనవసరమైన ఫండ్లలో ముందుగా సిప్‌ను ఆపి, ఏటా మినహాయింపు పరిమితికి లోబడి కొంతకొంతగా వెనక్కి తీసుకోవడం మేలు.

ఆరంభానికి కావలసింది పాన్ ఆధారంగా అందే సమగ్ర ఖాతా నివేదిక. దానిలోని ప్రతి పథకం ఎదుట అది ఏ అవసరానికి కొన్నదో రాసుకుంటే మిగులు తానుగా బయటపడుతుంది. నామినీ పేరు నమోదైందో లేదో కూడా అప్పుడే సరిచూసుకోవాలి. మరచిపోయిన పెట్టుబడులను వెతికేందుకు సెబీ 2025లో ‘మిత్ర’ వేదికను తీసుకురావాల్సి వచ్చిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పదిహేను పథకాల వివరాలు మదుపు చేసినవారికి గుర్తుండవచ్చు. వారు లేని నాడు వాటిని వెతికి, సంస్థ సంస్థకూ పత్రాలు సమర్పించాల్సింది జీవిత భాగస్వామి లేదా పిల్లలు. ఎన్ని ఫండ్లన్న ప్రశ్నకు వారు సులువుగా సర్దుబాటు చేసుకోగలిగినన్ని అన్నది కూడా సమాధానంలో భాగమే.