చెఱనుండి మరలివచ్చువానికి గురువెవరు?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ప్రభుత్వముచే గుర్తింపబడిన ఆదిమజాతులు 570కి పైగా నున్నవి. ఆ జాతులలో శిక్ష ననుభవించి యిల్లు చేరువారికి తోడ్పడుటకును, వారి చెఱసాలలను క్షేమముగా నడపుటకును అచటి న్యాయశాఖవారు ధనమిచ్చుచున్నారు. ధనముతోబాటు శిక్షకులను బంపుచున్నారు. ఈ శిక్షకులు సభలు చేయుదురు, పుస్తకములు పంచుదురు, పట్టికలు నింపుట నేర్పుదురు. ఇది మంచిపనియే కదా, దీనిమీద వాదమేల యని చదువరులడుగవచ్చును. శిక్షణముతో మాకు వైరము లేదు. తాళపుచెవిని తన మొలత్రాటికి గట్టుకొని, తలుపు తెఱచుట యెట్లో యెదుటివానికి బోధించు గురుత్వము మాకు సరిపడదు.

ఈ జాతులకు న్యాయవిచారణ తెలియదనుట చరిత్ర మెఱుగనివారి మాట. 1881లో డకోటా ప్రాంతమున రోజ్‌బడ్ భూములలో క్రో డాగ్ అనునతడు స్పాటెడ్ టెయిల్ అను నాయకుని జంపెను. జాతిపెద్దలు కూడి, హతుని కుటుంబమునకు 600 డాలర్లును, 8 గుఱ్ఱములును, ఒక కంబళియు నిప్పించి వైరము నణచిరి. తెల్లవారి న్యాయస్థానము దీనిని లెక్కగొనక మరణశిక్ష విధించెను. ఆ శిక్ష చెల్లదని 1883లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, 1885లో కాంగ్రెసు సభ క్రొత్తచట్టము చేసి, హత్య మొదలగు 7 నేరముల విచారణను సంయుక్తప్రభుత్వపు వశము గావించెను. 1968 నాటి చట్టమో, జాతి న్యాయస్థానములు ఆరు నెలలకు మించిన చెఱగాని, 500 డాలర్లకు మించిన జుల్మానాగాని విధింపరాదనెను. ఆ హద్దు 1986లో ఒక యేటికిని, 2010లో అనేక షరతులతో నేరమొక్కింటికి మూడేండ్లకును బెరిగినది. నూరేండ్లకు పైగా కాళ్లు గట్టియుంచి, యిప్పుడు నడక నేర్పుటకు పంతుళ్లను బంపుట యెట్టి యుపకారము?

శిక్షణ మక్కఱలేదని మేమనము. ఆ జాతుల చెఱసాలలను జూచి 2004లో ప్రభుత్వపు తనిఖీ అధికారి ప్రకటించిన నివేదిక భయంకరమైనది. మూడేండ్లలో 11 మరణములు, 236 ఆత్మహత్యాప్రయత్నములు, 631 పలాయనములు! అందు పెక్కులు పైయధికారులకు దెలియనే లేదు. కొన్నియెడల వంతుకొక్క కావలివాడే యుండెను. ఉరిపోసికొనబోవువాని చిహ్నములను గుర్తించుట కావలివానికి నేర్పవలసినదే. కాని యొక్కడే యున్నచోట నెన్ని పాఠములు చెప్పినను అతనికి రెండు కన్నులే కదా! రెండవ మనిషికి జీతమియ్యక మొదటివానికి మఱియొక పాఠము చెప్పుట బొక్కసమునకు మాత్రము సులువు.

ఇక చెఱ విడిచి యిల్లు చేరుట. మహాపరాధములు సంయుక్తప్రభుత్వ న్యాయస్థానములకు బోవుటచే, ఆ జాతివాడు తఱచుగా స్వగ్రామమునకు వందలకొలది మైళ్ల దూరమున నుంచబడును. తల్లి పోయి చూడలేదు. విడుదలయైన పిదపను కొంతకాలము పట్టణమందలి యొక యుద్యోగి పర్యవేక్షణకు లోబడవలయును. న్యాయస్థానము విధించు సామాన్యనియమములలో నొకటి వినుడు: ఘోరాపరాధమునకు శిక్ష పడినట్లు తానెఱిగిన యెవ్వనితోను ఆ యుద్యోగి యనుమతి లేక మాటలాడరాదు. మహానగరమున నిది యుచితముగానే తోచును. చిన్నయూర, మేనమామయు, పినతండ్రి కొడుకును ఎప్పుడో శిక్ష పడినవారేయైనపుడు వీడెవ్వనితో మాటలాడవలయును? అనుమతి వేడవచ్చును గదా యందురేమో. మేనమామ ప్రక్కన గూర్చుండి యన్నము దినుటకు పట్టణమునుండి సెలవు తెప్పించుకొనువాడు ఇల్లు చేరినట్లా? ఈ నియమములను వ్రాసినవారికి గదా ముందుగా శిక్షణము గావలయును!

పరదేశపు గొడవ మనకేల యని తెలుగువారు తప్పించుకొన వీలులేదు. మన దేశమున నేరజాతుల చట్టము 1871లో బుట్టి, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. బాపట్ల దాపున స్టువర్టుపురములో ఎఱుకలవారిని జేర్చి సాల్వేషను ఆర్మీవారి చేతికప్పగించిరి. సేద్యము నేర్పిరి, బడి పెట్టిరి, పని చూపిరి. అబద్ధమాడనేల, అందు కొంత మేలును గలిగెను. కాని పట్టికలో పేరు, వేళకు హాజరు, ఊరు దాటుటకు చీటి మాత్రము తొలగలేదు. పుట్టుకచేతనే దొంగయని చట్టము పలుకుచుండ, పగలు నేర్చిన విద్య సాయంకాలపు హాజరుతో సరి! 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. దాని వాసన మాత్రము జెయిలు నిబంధనలలో నిలిచియేయుండెను. కులమునుబట్టి ఖైదీలకు పని పంచుటయు, విముక్తజాతులవారిని అలవాటు నేరస్థులుగా లెక్కించుటయు రాజ్యాంగవిరుద్ధములని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 2024 అక్టోబరు 3న. చట్టము చచ్చిన 72 ఏండ్లకు!

మఱి మార్గమేది? అమెరికాలోనే యొకటి కనబడుచున్నది. కాలిఫోర్నియా యుత్తరభాగమున క్లామతు నదీతీరమున యురోకులను జాతి గలదు. 1953 నాటి చట్టమొకటి వారిని రాష్ట్ర న్యాయస్థానముల క్రిందికి ద్రోసినది. ఆ జాతి న్యాయస్థానమునకు ప్రధానన్యాయాధిపతిగా పనిచేసిన ఆబీ ఆబినాంటిగారు ఆ జాతి యాడుబిడ్డయే. 1974లోనే ఆ రాష్ట్రమున న్యాయవాదియైన విదుషి. ఆమె జిల్లా న్యాయస్థానములతో నొప్పందము గుదుర్చుకొని, తమవారి వ్యవహారములను తమయొద్దకు దెచ్చుకొనిరి. మాదకద్రవ్యములకు లోబడినవాని బాగుచేయుటలో వాని కుటుంబమును, గ్రామమును బాధ్యులను జేసిరి. యురోకుల పూర్వాచారమున నపరాధి చేయవలసినది, తాను గలిగించిన నష్టమును దీర్చుట. రోజ్‌బడ్ పెద్దలు గుఱ్ఱములిప్పించినదియు నిట్టిదే కదా!

బడిపంతుళ్లలో మేమును జేరినవారమే గనుక మా వృత్తిధర్మమునుబట్టియే చెప్పుచున్నాము. శిష్యుడేమెఱుగునో ముందడుగని గురువు గురువు కాడు. ఆ ధనమును గడువుల లెక్కన గాక యేటేట నిశ్చయముగా జాతి న్యాయస్థానములకిండు. ఎవరిని నియమించుకొందురో, ఎవరిని బిలిచి నేర్చుకొందురో వారినే నిర్ణయింపనిండు. పిలిచినపుడు పంతులు పోవును. పోయినవాడు యురోకు పెద్దల యెదుట మొదటిదినము క్రింద గూర్చుండి వినును.