సంతకం ఆమెది, బాధ్యత మనందరిది

ఏడో నెల పరీక్షకని ఉదయం ఆసుపత్రికి వెళ్ళిన గర్భిణి మధ్యాహ్నానికల్లా తిరిగి వస్తుందనే ఇంటిల్లిపాదీ అనుకుంటారు. రక్తపోటు 140/90 దాటిందనో, ఉమ్మనీరు తగ్గిందనో, రక్తస్రావం కనిపించిందనో వైద్యురాలు వెంటనే చేరమన్నప్పుడు ఆ ఇల్లు ఒక్కసారిగా తల్లడిల్లుతుంది. పెద్దపిల్లల్ని చూసేదెవరు, వెంట ఉండేదెవరు, డబ్బు తెచ్చేదెక్కడినుంచి అన్న ప్రశ్నల నడుమ అసలు ప్రశ్న మరుగున పడుతుంది: చికిత్సకు అంగీకారం తెలపవలసింది ఎవరు?

పాతబస్తీ, నిజామాబాద్, కడప వంటి చోట్ల ఎందరో భర్తలు గల్ఫ్‌లో కూలి చేసుకుంటున్నారు. ఆయన ఫోను ఎత్తేవరకు, మామగారు ఊరినుంచి వచ్చేవరకు ఆగుదామన్న మాట మన ఇళ్ళలో సర్వసాధారణం. ఆసుపత్రి సిబ్బంది సైతం భర్త సంతకమే కావాలని పట్టుబట్టడం కద్దు. కానీ యుక్తవయస్కురాలై, స్పృహలో ఉన్న స్త్రీ తన చికిత్సకు తానే అంగీకారం తెలపవచ్చు. చట్టరీత్యా ఆ సంతకం చాలు. ప్రాణాపాయ స్థితిలో ఎవరి సంతకం కోసమూ అత్యవసర చికిత్సను ఆపరాదు. అదుపు తప్పిన రక్తపోటు గుర్రపువాతానికి దారితీయడానికి ఎంతో సేపు పట్టదు. నెలలు నిండకముందే కాన్పు అయ్యే సూచన ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల బలానికి ఇచ్చే ఇంజెక్షన్లు పనిచేయడానికి కొంత వ్యవధి కావాలి. ఆలస్యమైన ప్రతి గంట తల్లీబిడ్డల ఆయుష్షు నుంచి తీసుకున్నదే.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం 17 హక్కులను పేర్కొంది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, వైద్య నివేదికల నకళ్ళు పొందడం, మతం పేరిట వివక్షకు గురికాకపోవడం వాటిలో ఉన్నాయి. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ పక్కన ఉండాలని కోరే హక్కు కూడా అందులో ఉంది. బురఖా ధరించిన స్త్రీ ఈ మర్యాదను కోరడం మొండితనం కాదు. పరదా పేరిట చికిత్సనే మానుకోవలసిన అవసరం కూడా ఆమెకు లేదు.

ఖర్చుకు భయపడి ఆసుపత్రికి దూరమయ్యేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఆహారం, రాకపోకల వాహనం ఉచితం. గర్భధారణలో తలెత్తే చిక్కులకు కూడా తరువాత దీన్ని వర్తింపజేశారు. బయట కొనుక్కురమ్మని చీటీ చేతికిస్తే కారణం అడగడం మన హక్కు.

ఇక ఆమె పని సంగతి. ఉద్యోగినికి చట్టం 26 వారాల వరకు ప్రసూతి సెలవునిస్తుంది. గర్భధారణ వల్ల జబ్బుపడితే మరో నెల అదనం. బీడీలు చుట్టే చేతులకు, ఇంట్లోనే గాజులకు రాళ్ళు అతికే చేతులకు ఆ సెలవు ఎవరిస్తారు? నాలుగు వారాలు మంచం పడితే నాలుగు వారాల కూలి పోయినట్లే. అందుకే చాలామంది వైద్యుల మాట కాదని, సొంత పూచీపై ఇంటికి వచ్చేస్తున్నారు. దాన్ని కేవలం అజ్ఞానమని నిందించడం అన్యాయం.

కుటుంబాలు ముందుగానే చేయదగినవి కొన్ని ఉన్నాయి. పరీక్షల కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచాలి. రక్తం ఇవ్వగల ఇద్దరు బంధువులను అనుకోవాలి. పిల్లల బాధ్యత ఎవరిదో నిర్ణయించుకోవాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. రంజాన్‌లో తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయముంటే రోజాను వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది. ఆమెను అపరాధభావానికి గురిచేయకూడదు. వార్డులో రోజుల తరబడి ఒంటరిగా పడుకున్న స్త్రీకి దిగులు సహజం. “నీవల్లే ఇదంతా” అన్న ఒక్క మాట ఆ దిగులును మరింత పెంచుతుంది. అత్తగారు గానీ ఆపా గానీ పక్కన కూర్చుని ధైర్యం చెబితే ఆమెకు ఎంతో ఊరట.

ప్రభుత్వాలను మనం అడగవలసింది స్పష్టం. ఉర్దూ తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ రెండవ అధికార భాష. అయినప్పుడు అంగీకార పత్రాలు, రోగుల హక్కుల ఫలకాలు ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. సహాయకులకు రాత్రి తలదాచుకునే చోటుండాలి. ఇంటిపట్టున పనిచేసే స్త్రీకి ఆసుపత్రిలో గడిపిన రోజులకు వేతన పరిహారం దక్కాలి. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు రక్తదాతల జాబితా సిద్ధం చేయడానికి, వార్డులో ఉన్న తల్లి పిల్లలకు పూటకింత అన్నం పంపడానికి ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

ఆమె సంతకానికి విలువనిచ్చే ఆసుపత్రి, ఆమె నిర్ణయానికి అండగా నిలిచే ఇల్లు, ఈ రెంటినీ సాధించుకోవడం మన హక్కుల పోరాటంలో భాగమే.